కారు కింద చుక్క కారదు, ఇల్లంతా పెట్రోల్ వాసన: కర్నూలులో పది వారాల నా అనుభవం

మార్చి 9, ఆదివారం. మహానందికి పోదామని పొద్దున్నే బయలుదేరి దారిలో ఫుల్ ట్యాంక్ కొట్టించాను. నాజిల్ టక్కుమని ఆగేసరికి మీటరు 2,940 రూపాయల దగ్గర ఉంది. "రౌండ్ చేస్తానక్కా" అన్నాడు బంకు అబ్బాయి. సరే అన్నాను. కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు నొక్కి మూడు వేలు చేశాడు. డబ్బులిచ్చి సెల్ఫ్ వేస్తే బండి స్టార్ట్ కాలేదు. రెండోసారీ కాలేదు. మూడోసారి యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుని సెల్ఫ్ వేస్తే వణుక్కుంటూ లేచింది. గుప్పున పెట్రోల్ వాసన కొట్టింది. ఒక్క నిమిషంలో అంతా సర్దుకుంది. పెట్రోల్‌లో నీళ్ళు కలిశాయేమో అనుకుని దారిన పడ్డాం.

ఆ రోజు మొదలైన తంటా మే 17 దాకా సాగింది. నాలుగు చోట్ల చూపించాను. ఇలాంటి వాసన గురించి ముందే ఎవరైనా వివరంగా రాసి ఉంటే నాకు 5,800 రూపాయలు మిగిలేవి. అంతకంటే ముఖ్యంగా ఇంట్లో ఆరు వారాల పాటు పడ్డ భయం తప్పేది. అందుకే తేదీలతో సహా రాస్తున్నాను.

బండి 2020 డిసెంబర్‌లో కొన్న బీఎస్ 6 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 58,000 కిలోమీటర్లు తిరిగింది, వారంటీ అయిపోయింది. నేను కోడుమూరు వైపు ఒక హైస్కూల్లో టీచర్ని. రోజూ బండి మీదే పోయి వస్తాను.

మార్చి 12 పొద్దున మా నాయన లేపాడు. "ఏం మ్మా, బండి కింద పెట్రోల్ కారతాందేమో చూడు, రాత్రంతా వాసన." నాయన ఆర్టీసీ డిపోలో 31 ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. వేసవిలో వరండాలో నవారు మంచం వేసుకుని పడుకుంటాడు, పక్కనే పోర్టికోలో కారు. టార్చి పట్టుకుని తానే కారు కిందికి దూరి చూశాడు. ఎక్కడా తడి లేదు. కింద పరిచిన పాత పేపరు మీద ఒక్క మరక లేదు. కానీ వాసన మాత్రం ఉంది, ముఖ్యంగా వెనక చక్రాల దగ్గర. "కారకుండా వాసనెట్ల వస్తాదబ్బా" అని నాయన ఆ రోజంతా అదే ఆలోచన. ఆయన చేయి పడ్డవన్నీ డీజిల్ బండ్లు. డీజిల్ అంత సులభంగా ఆవిరి కాదు కాబట్టి పెట్రోల్ కారుకి ఉండే ఆవిరి పట్టే ఏర్పాటు వాటికి ఉండదు. ఆ సంగతి మాకు నెల తర్వాత గానీ తెలియలేదు.

మార్చి 18న స్కూలు నుంచి వస్తుంటే మీటర్ల దగ్గర పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ వెలిగింది. చెక్ ఇంజన్ లైటు. నాకు చెమటలు పట్టాయి, బండి ఎక్కడ ఆగిపోతుందోనని. ఆగలేదు. ఐడ్లింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజన్ మాత్రం నడుస్తున్నప్పుడు, కొంచెం ఊగుతోంది. ఇంటి దగ్గరి షెడ్డుకి తీసుకెళ్తే అతను కారు కంప్యూటర్‌లో లోపం కోడ్ చదివే చిన్న స్కానర్ పెట్టి, "వాసన అంటాండారు కదా, పెట్రోల్ క్యాప్ రబ్బరు పోయింటాది" అని క్యాప్ మార్చి లైటు ఆర్పేశాడు. 450 రూపాయలు. కోడ్ ఏం వచ్చిందో రాసివ్వలేదు, నాకూ అడగాలని తెలియదు. కోడ్‌ని చెరిపేస్తే దాంతో పాటు ఆ క్షణంలో ఇంజన్ వేడి ఎంత, వేగం ఎంత అని కంప్యూటర్ దాచుకున్న వివరాలు కూడా పోతాయట. మీకు లైటు వెలిగితే చెరిపే ముందు ఆ స్క్రీన్‌ని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పాత క్యాప్‌ని డిక్కీలో పడేశాను, అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని.

ఐదు రోజులు లైటు రాలేదు. మార్చి 23న మళ్ళీ ఫుల్ ట్యాంక్, మళ్ళీ అదే మొండితనం. నాలుగోసారికి స్టార్ట్ అయింది, వెనక బండ్ల వాళ్ళు హారన్లు. మర్నాడు లైటు మళ్ళీ వచ్చింది.

మార్చి 26న ఊళ్ళో కొంచెం పెద్ద షెడ్డుకి వెళ్ళాను. అక్కడ కోడ్ చూపించారు, పీ 0172. అంటే ఇంజన్‌లో పెట్రోల్ ఎక్కువగా, గాలి తక్కువగా మండుతోందని అర్థం. "రిచ్‌గా పోతాంది మేడమ్, ఇంజెక్టర్లు లీకవుతాండాయి, ప్లగ్గులూ పోయినాయి" అన్నారు. ఇంజెక్టర్లంటే ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మేవి. వాటి క్లీనింగ్, గాలి పోయే దారి థ్రాటిల్ బాడీ క్లీనింగ్, నాలుగు ప్లగ్గులు, లేబర్ కలిపి 4,700. పొద్దున తొమ్మిదికి పెట్టిన బండి రాత్రి ఏడున్నరకి ఇచ్చారు. కోడ్ చెప్పింది అబద్ధం కాదు, పెట్రోల్ నిజంగానే ఎక్కువ పోతోంది. అది ఇంజెక్టర్ దారిన కాకుండా ఇంకో దారిన కూడా పోవచ్చని ఎవరూ చూడలేదు. మైలేజీ అప్పటికే 17 నుంచి 14కి పడిపోయింది.

ఉగాది రోజు, మార్చి 30న, పచ్చడి తిని గుడికి బయలుదేరితే సందు చివర లైటు వెలిగింది.

ఆ వారం మొత్తంలో ఎక్కువ గుర్తుండిపోయింది లైటు కాదు. ఒంటిపూట బడులు కాబట్టి ఎండలో నిలబెట్టిన కారుని మధ్యాహ్నం తీస్తున్నాను. తలుపు తీయగానే వాసన. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఏప్రిల్ 2న నా ఎనిమిదేళ్ళ కూతురు దారిలో వాంతి చేసుకుంది. అద్దాలు దించుకుని వడగాలిలో ఇంటికి వచ్చాం. రెండు రోజుల తర్వాత సాయంత్రం నేను పేపర్లు దిద్దుకుంటుంటే నాయన అరుపు వినిపించింది. అమ్మ ఎప్పటిలాగే తులసికోట దగ్గర దీపం పెట్టడానికి అగ్గిపుల్ల గీయబోతోంది. కోటకీ కారు వెనక చక్రానికీ మధ్య ఎనిమిది అడుగులుంటుంది, అంతే. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోకుండా నేల మీదే పరుచుకుంటుంది, మంట ఉన్న చోటికి పాకుతుంది. నాయనకి అది డిపోలో నేర్పిన పాఠం. అమ్మ చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కున్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన అమ్మ చేతిలోంచి ఏదీ అలా లాక్కోవడం నేను చూడలేదు. ఆ రాత్రి నుంచి కారుని గేటు బయట వేప చెట్టు కింద పెట్టాం. నాయన మంచం ఇంట్లోకి మారింది. ఉక్కపోతకి ఆయనకి నిద్ర లేదు, భయానికి నాకు నిద్ర లేదు.

సర్వీస్ సెంటర్ అపాయింట్‌మెంట్ వారం రోజులకి దొరికింది, ఏప్రిల్ 5. వాళ్ళ స్కానర్‌లో పీ 0172తో పాటు పీ 0441 కూడా ఉంది. అది పెట్రోల్ ఆవిరిని ఇంజన్‌కి పంపే దారిలో ప్రవాహం సరిగ్గా లేదని చెప్పే కోడ్. వాసనకీ లైటుకీ సంబంధం ఉందని మొదటిసారి నాకు అర్థమైంది ఆ కాగితం చూశాకే. కానీ ఎస్టిమేట్‌లో క్యానిస్టర్ (పెట్రోల్ ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా), పర్జ్ వాల్వ్ (ఆ ఆవిరిని ఇంజన్‌కి వదిలే వాల్వ్), ట్యాంకులోని పంపు మొత్తం సెట్టు, పైపుల సెట్టు అన్నీ రాసి 26,400 వేశారు. వీటిలో ఏది పోయింది అని అడిగితే, "అన్నీ మారిస్తే కచ్చితంగా పోతుంది మేడమ్" అన్నారు. చెకింగ్ చార్జి 650 కట్టి కాగితం తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. నెల జీతంలో అంత ముక్క, అదీ ఏది పోయిందో తెలియకుండా.

రెండో షెడ్డు వాళ్ళకి ఫోన్ చేసి ఈ కోడ్ గురించి చెబితే ఇంకో సలహా ఇచ్చారు. ఆ బొగ్గు డబ్బా పీకేసి పైపు బయటికి వదిలేస్తే ఖర్చే లేదని, చాలామందికి అలాగే చేశామని. నిజం చెబుతున్నాను, ఒక పూట నాకూ అది బాగానే అనిపించింది. నాయన వద్దన్నాడు. "ఇప్పుడు కొంచెం వచ్చే వాసన అప్పుడు మొత్తం వస్తాది" అన్నాడు.

డిపోలో నాయనతో పనిచేసినాయన ఒకరు నంద్యాల చెక్‌పోస్టు అవతల ఒక కుర్రాడి షెడ్డు గురించి చెప్పారు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, బెంగళూరులో నాలుగేళ్ళు పనిచేసి వచ్చాడట. ఏప్రిల్ 12న వెళ్ళాం. బానెట్ ఎత్తలేదు, స్కానర్ పెట్టలేదు. ముందు అడిగాడు. "వాసన ఎప్పుడొస్తాంది మేడమ్? పెట్రోల్ కొట్టిచ్చినాకనా, ఎండలో పెట్టినాకనా, బండి నడుస్తాంటేనా?" ఎండలో పెట్టినప్పుడు, రాత్రి నిలబెట్టినప్పుడు అన్నాను. "స్టార్టింగ్ కష్టం ఎప్పుడు? రోజూనా, ఫుల్ చేసినప్పుడేనా?" అప్పుడు వెలిగింది నాకు. ఫుల్ చేసినప్పుడు మాత్రమే. ప్రతిసారీ అంతే. "ముందు నుంచీ రౌండ్ చేయిస్తారా?" అని అడిగాడు. తలూపాను. నెల రోజుల్లో మమ్మల్ని ఎవరూ ఈ మూడు ప్రశ్నలు అడగలేదు.

"ఇవి రెండు రోగాలు మేడమ్, ఒకటి కాదు" అన్నాడు. తర్వాత ఒక చిత్తు కాగితం మీద గీసి చూపించాడు. పెట్రోల్ ట్యాంకులో ఎండకి ఆవిరి పుడుతుంది. దాన్ని ఊరికే గాలిలోకి వదలకూడదు కాబట్టి ఒక పైపు ద్వారా బొగ్గు డబ్బాలోకి పంపుతారు. అదే క్యానిస్టర్. అందులో ఉండేది యాక్టివేటెడ్ కార్బన్, గింజలు గింజలుగా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టిన బొగ్గుముక్క వాసన పీల్చుకున్నట్టు పెట్రోల్ ఆవిరిని పీల్చి పట్టుకుంటుంది. అయితే పీల్చుకుంటూ పోతే నిండిపోతుంది కదా. అందుకే ఇంజన్ నడుస్తున్నప్పుడు దాన్ని ఆరబెట్టాలి. ఇంజన్ గాలి పీల్చే శక్తితోనే క్యానిస్టర్ గుండా బయటి గాలిని లాగుతారు. తడి బట్ట గాలికి ఆరినట్టు బొగ్గు ఆరుతుంది, ఆ ఆవిరి ఇంజన్‌లోకి పోయి మండిపోతుంది. ఆ దారికి కాపలా పర్జ్ వాల్వ్. కంప్యూటర్ కరెంటు ఇచ్చినప్పుడే తెరుచుకోవాలి, మిగతా వేళల్లో మూసుకునే ఉండాలి.

"అది మూసుకోకుంటే ఏమైతాదో మీరు బంకులో చూసినారు కదా" అన్నాడు. పెట్రోల్ కొడుతుంటే ట్యాంకులో ఉన్న ఆవిరి బయటికి నెట్టబడుతుంది. వాల్వ్ తెరుచుకునే ఉంటే అదంతా నేరుగా ఇంజన్ గొంతులో చేరి కూర్చుంటుంది. సెల్ఫ్ వేసేసరికి ఇంజన్‌కి ఊపిరాడదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ వేస్తే చాలా బండ్లలో కంప్యూటర్ ఇంజెక్టర్లని కాసేపు ఆపుతుందట. అందుకే అలా చేసినప్పుడు స్టార్ట్ అయింది.

ఇక్కడ ఆశ్చర్యం కలిగిన సంగతి ఒకటి. లీకు ఉంటే కంప్యూటరే చెప్పాలి కదా అని నాయన అడిగాడు. అమెరికాలో అమ్మే కార్లలో ట్యాంకు ఒత్తిడి కొలిచి అర మిల్లీమీటరు రంధ్రం ఉన్నా పట్టేసి లైటు వెలిగించే ఏర్పాటు ఉంటుందట. ఇక్కడి చాలా బండ్లలో అంత లేదు, వాల్వ్ సంగతి వరకు చూస్తుంది, గొట్టం ఎక్కడ పగిలిందో మనమే వెతుక్కోవాలి అన్నాడు. నాకు ఫిబ్రవరిలో తీసుకున్న పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. అక్కడ సైలెన్సర్‌లో గొట్టం పెట్టి చూస్తారు. ట్యాంకు వైపు ఎవరూ చూడరు.

లీకు వెతికే టెస్టు మాత్రం ఆ రోజు చేయలేదు. ట్యాంకు ముప్పావు నిండి ఉంది, సగానికి తగ్గించుకుని రమ్మన్నాడు. పైగా మధ్యాహ్నం చేయనన్నాడు. ఎండకి ట్యాంకులో ఆవిరి దానంతటదే ఉబ్బుతుంటే మనం పెట్టే ఒత్తిడిని నమ్మలేమట. ముందురోజు సాయంత్రం బండి వదిలి పొద్దున ఆరు గంటలకి రండి అన్నాడు. వారం ఆగాం. ఆ వారమంతా అద్దాలు దించుకునే స్కూలుకి పోయాను, పాపని ఎక్కించుకోలేదు.

ఏప్రిల్ 19, శనివారం, పొద్దున ఆరు. నాయనా నేనూ టీ కూడా తాగకుండా వెళ్ళాం.

మొదట క్యాప్. కొత్తదీ పాతదీ రెండూ పెట్టి చూశాడు. డిక్కీలోంచి తీసిన పాత క్యాప్ రబ్బరు చక్కగా ఉంది. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూపించాడు. కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత తగ్గించుకుంటోందో, ఎంత పెంచుకుంటోందో చెప్పే అంకె అది. ఐడ్లింగ్‌లో మైనస్ 22. అంటే ఎక్కడి నుంచో పెట్రోల్ ఆవిరి వచ్చి పడుతుంటే పాపం కంప్యూటర్ తను ఇచ్చేది తగ్గించుకుంటూ పోతోంది. రేస్ ఇచ్చి 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టుకుంటే మైనస్ 6కి వచ్చింది. గాలి ఎక్కువ పోతున్నప్పుడు ఆ ఆవిరి వాటా చిన్నదైపోతుంది కాబట్టి. ఇంజెక్టర్ లీకో, ఆవిరి దారో తేల్చుకోవడానికి క్యానిస్టర్ నుంచి వచ్చే రబ్బరు గొట్టాన్ని మెత్తటి క్లాంపుతో బిగించాడు. అంకె కళ్ళముందే సున్నా వైపు నడుచుకుంటూ వచ్చి మైనస్ 3 దగ్గర నిలబడింది. ఇంజన్ ఊగడం ఆగిపోయింది. నేను 4,700 పెట్టింది ఈ ఒక్క క్లాంపు బిగిస్తే తేలిపోయే విషయానికి.

గొట్టం ఊడదీసి, "వేలు పెట్టి చూడండి మేడమ్" అన్నాడు. వాల్వ్ మూతి మీద వేలు పెట్టాను. గట్టిగా లాగింది. వాల్వ్‌కి కరెంటు ఇచ్చే వైరు పీకేసినా అదే లాగుడు. మూసుకోవాల్సిన వాల్వ్ తెరుచుకునే ఉంది. విప్పి తెల్ల కాగితం మీద తట్టితే నల్లటి ఇసుక లాంటి పొడి రాలింది. నాయన దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, "బొగ్గు" అన్నాడు. వాల్వ్ దానంతటది పాడవలేదు. క్యానిస్టర్‌లోని బొగ్గు గింజలు చితికి, కొట్టుకువచ్చి దాని మూతిలో ఇరుక్కున్నాయి.

నాజిల్ చివర చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోల్ అక్కడిదాకా రాగానే నాజిల్ దానంతటదే ఆగుతుంది. ఆ తర్వాత కూడా నొక్కితే పెట్రోల్‌కి చోటు లేక ఆవిరి పైపులోకి ఎక్కుతుంది, క్యానిస్టర్‌లోకి ద్రవంగా పోతుంది. బొగ్గు ఆవిరి కోసం పెట్టింది, పెట్రోల్‌లో నానడానికి కాదు. నాలుగేళ్ళకి పైగా రౌండ్ చేయించుకున్న యాభై, అరవై రూపాయలన్నీ నాకు ఒకేసారి గుర్తొచ్చాయి.

వాసన సంగతి ఇంకా తేలలేదు. అప్పుడు స్మోక్ మెషిన్ తీశాడు. చిన్న పెట్టె, ఒక గొట్టం, పక్కన నైట్రోజన్ సిలిండర్. మామూలు గాలి ఎందుకు వాడవు అంటే, పెట్రోల్ ఆవిరి ఉన్న ట్యాంకులోకి గాలి పంపడం నాకిష్టం లేదు మేడమ్, నైట్రోజన్‌తో మంట అంటుకోదు అన్నాడు. ఆ మాటకే ఆ అబ్బాయి మీద నాకు నమ్మకం కుదిరింది. మెషిన్‌లో నూనెని వేడి చేస్తే తెల్లటి పొగ పుడుతుంది. ఆ పొగని ఇంజన్ వైపు నుంచి వెనక్కి, ట్యాంకు వైపు పంపుతారు. క్యానిస్టర్‌కి బయటి గాలి వచ్చే రంధ్రాన్ని ముందే బిరడాతో మూశాడు. ఒత్తిడి ఎంత పెడతావని నాయన అడిగాడు. అర పీఎస్ఐ కూడా దాటనివ్వనన్నాడు. మనం టైరుకి 33 పెడతాం. ఇక్కడ అంత పెడితే ట్యాంకు సీళ్ళు చీలిపోతాయి.

మెషిన్ మీద గాజు గొట్టంలో ఒక చిన్న గుండు ఉంది. లీకు లేకపోతే ట్యాంకు నిండాక పొగ కదలదు, గుండు కిందికి దిగి కూర్చోవాలి. పది నిమిషాలు చూశాం. గుండు దిగలేదు, మధ్యలోనే ఊగుతూ ఉంది. షెడ్డులో లైట్లు ఆర్పి కారుని లిఫ్టు మీద ఎత్తి టార్చి కొట్టాడు. ఎడమ వెనక చక్రం పైన, ట్యాంకు నుంచి క్యానిస్టర్‌కి పోయే రబ్బరు గొట్టం మడత దగ్గర, సాంబ్రాణి పొగలాగ సన్నగా తెల్లటి దారం లేస్తోంది. నాయన నా చేయి పట్టుకున్నాడు. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. నలభై రోజుల నుంచి కనపడని శత్రువు కళ్ళకి కనపడింది.

గొట్టం తీసి చూస్తే పక్కపక్కనే రెండు పంటి గాట్లు. ఎలుక. పోర్టికో పక్క గదిలో మేము ఏడాదికి సరిపడా సోనా బియ్యం మూటలు వేసుకుంటాం. బియ్యానికి వచ్చిన ఎలుకలు కారులో కాపురం పెట్టాయి. గాట్లు గొట్టం పై వైపున ఉన్నాయి. లోపల ఉండేది ఆవిరి కాబట్టి చుక్క కారలేదు. నాయన ప్రశ్నకి జవాబు అదే.

క్యానిస్టర్ విప్పి ఊపితే గిలక్కాయలాగ మోగింది. వంచితే కొంచెం పెట్రోల్ కూడా కారింది. ఒక్క వాల్వ్ మార్చి వదిలేస్తే కుదరదా అని అడిగాను, డబ్బు గురించే. "మారుస్తా మేడమ్, కానీ రెండు నెలల్లో ఇదే బొగ్గు పోయి కొత్తదాంట్లో ఇరుక్కుంటాది" అన్నాడు. డబ్బా పీకేయడం గురించి కూడా అడిగాను, ఆ సలహా ఇంకా మనసులో ఉంది. పైపు బయటికి వదిలితే ఎండాకాలం పొద్దస్తమానం పెట్రోల్ ఆవిరి మీ ఇంటి ముందే, పైపు మూసేస్తే ట్యాంకులోకి గాలి పోక పెట్రోల్ తగ్గేకొద్దీ ట్యాంకు లోపలికి నొక్కుకుపోతుంది, పంపు మీద భారం పడుతుంది, రెండూ చేయను అన్నాడు. పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది. బీఎస్ 6 పెట్రోల్‌లో ఒక శాతానికి మించకూడదని నిబంధన పెట్టింది అది క్యాన్సర్ తెచ్చే పదార్థం కాబట్టే. వాంతి చేసుకున్న నా కూతురు గుర్తొచ్చింది. ఇంకేం మాట్లాడలేదు.

ఎస్టిమేట్‌లో రాసిన పంపు సెట్టుకి ఏ రోగమూ లేదు. దాని సీలు చుట్టూ టార్చి కొట్టి పొగ రాకపోవడం నాకు చూపించాడు.

పర్జ్ వాల్వ్, గొట్టం కర్నూల్లోనే అదే రోజు దొరికాయి. క్యానిస్టర్ హైదరాబాద్ నుంచి రావాలి. వారం అన్నారు, పదహారు రోజులు పట్టింది. మొదటిసారి వేరే మోడల్‌ది పంపారు, మూతులు సరిపోలేదు, వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు బండి ఛాసిస్ నంబరు ఇచ్చి తెప్పించమని మీరే గట్టిగా చెప్పండి. ఆ పదహారు రోజులూ బండి షెడ్డులోనే ఉంది. స్కూళ్ళకి సెలవులు ఇచ్చేదాకా ఆర్టీసీ బస్సులో తిరిగాను. పొద్దున ఐదున్నరకే లేవాల్సి వచ్చేది, అయినా వాసన లేని గాలి పీల్చుకుంటూ పోతున్నానని హాయిగా ఉండేది.

మే 6న బిగించాడు. మే 7 పొద్దున ఆరుకి మళ్ళీ పొగ పెట్టాడు. అది నేనే అడిగాను. ఈసారి గుండు మెల్లగా దిగి అడుగున కూర్చుంది. దాన్ని వీడియో తీసుకున్నాను. ఐడ్లింగ్‌లో ట్రిమ్ మైనస్ 2. లైటు ఆర్పి, వెంటనే నమ్మొద్దు, నాలుగైదు రోజులు పొద్దున చల్లటి ఇంజన్‌తో తీసి తిప్పండి, కంప్యూటర్ తన పరీక్షలు తాను చేసుకోవాలి అన్నాడు.

లెక్క రాసుకున్నాను. టెస్టు 1,000, వాల్వ్ 1,650, గొట్టం 480, క్యానిస్టర్ 7,200, పార్సిల్ 250, లేబర్ 1,400. మొత్తం 11,980. రెండోసారి పొగ పెట్టినందుకు డబ్బు తీసుకోలేదు, బండి ఉంచుకున్నందుకూ తీసుకోలేదు. అంతకుముందు క్యాప్‌కీ, ఇంజెక్టర్లకీ, ప్లగ్గులకీ, చెకింగ్‌కీ పెట్టిన 5,800 వేరు. ఎలుక నష్టం ఇన్సూరెన్స్‌లో వస్తుందా అని విచారించాను గానీ ఈ గొట్టం ఖరీదుకి క్లెయిమ్ పెట్టడం దండగ అనిపించి వదిలేశాను.

మే 11న అసలు పరీక్ష. బంకులోకి పోతుంటే చేతులు చల్లబడ్డాయి. ఫుల్ అన్నాను. 2,865 దగ్గర టక్కుమంది. "రౌండ్ చేస్తా మేడమ్" అన్నాడు. వద్దు బాబూ, ఆగిన చోట ఆపెయ్ అన్నాను. అతను చిల్లర లేదన్నాడు, ఫోన్‌లో కొట్టేశాను. సెల్ఫ్ వేశాను. ఒకటే సారి. బంకు దాటి రోడ్డు పక్కన ఆపి నాయనకి ఫోన్ చేశాను.

ఒకే ఒక్క చోట మళ్ళీ టెన్షన్ పడ్డాను. మే 13న ఎండలో నిలబెట్టిన కారు క్యాప్ తీస్తే చిన్నగా స్‌స్‌ మంది. ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే, ఎండకి కొంచెం ఒత్తిడి ఉండటం మామూలే, మూసి ఉన్నప్పుడు వాసన వస్తేనే ఫోన్ చేయండి అన్నాడు. రాలేదు. మైలేజీ నిన్న లెక్క చూస్తే 16.5.

బియ్యం మూటలు మేడ మీద గదికి చేర్చాం. పోర్టికో తూములకి ఇనప జాలీ కొట్టించాం. కారు మాత్రం పది రోజులు గేటు బయటే ఉంచాడు నాయన. రోజూ పొద్దున్నే పోయి వెనక చక్రం దగ్గర కూర్చుని వాసన చూసి వచ్చేవాడు. మే 17 సాయంత్రం తానే తాళాలు అడిగి కారుని పోర్టికోలో పెట్టాడు. అమ్మ తులసికోట దగ్గర దీపం వెలిగించింది. రాత్రి భోజనాలయ్యాక ఆయన నవారు మంచం ఎత్తుకుని వరండాలోకి వెళ్ళాడు.